గల్ఫ్ వలస, సంక్షేమ పథకాల హక్కులు: ముప్కాల్ కేంద్రంగా ఒక పరిశీలన

పని కోసం దేశం దాటిన మనిషికి ఇంటి దగ్గర వచ్చే సర్కారు పథకాలు ఏమవుతాయి? వెళ్లిన దేశం అతనికి ఏమైనా బాకీ పడుతుందా? ఆ బాకీ వసూలు చేసుకోవడానికి అతను ఎక్కడ ఉండాలి? తెలంగాణలో ఈ ప్రశ్నలు అందరికంటే ముందు ఉత్తర జిల్లాలవారికి ఎదురవుతాయి. నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్, కామారెడ్డి, రాజన్న సిరిసిల్ల, కరీంనగర్ జిల్లాల పల్లెల్లో దుబాయ్ అంటే ఒక ఊరి పేరు కాదు, మొత్తం గల్ఫ్ కింద లెక్క. సౌదీలో ఉన్నవాడిని కూడా దుబాయ్ పోయిండనే అంటారు. ఈ వ్యాసానికి ఆధారంగా తీసుకున్నది నిజామాబాద్ జిల్లా ముప్కాల్, దాని చుట్టుపక్కల ఆర్మూర్, బాల్కొండ ప్రాంతం.

ఊరు, పంట, వలస

ముప్కాల్ 44వ నంబరు జాతీయ రహదారి మీది ఊరు. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనలో బాల్కొండ మండలం నుంచి విడిపోయి మండల కేంద్రమైంది. రెంజర్ల, నాగంపేట్, వెంచిర్యాల్, నల్లూర్ వంటి గ్రామాలు ఈ మండలంలోవి. 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు, అంటే నేటి శ్రీరాంసాగర్, పక్కనే ఉంటుంది. శ్రీరాంసాగర్ పునరుజ్జీవన పథకంలో వరద కాలువ మీద కట్టిన మూడు పంపుహౌస్‌లలో చివరిది ముప్కాల్ దగ్గరిదే.

నీళ్లకు ఇంత దగ్గరగా ఉన్న పల్లెల నుంచి మనుషులు ఎడారికి ఎందుకు పోతారని బయటివాళ్లకు అనుమానం రావడం సహజం. పసుపు లెక్క తెలిస్తే ఆ అనుమానం ఉండదు. వానకాలం మొదట్లో పెట్టిన విత్తనం తవ్వకానికి వచ్చేసరికి సంక్రాంతి దాటుతుంది. తవ్వాక ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టాలి, కాడి (కొమ్ము) వేరు, గోళ (దుంప) వేరు చేయాలి, అప్పుడు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తీసుకుపోవాలి. దాదాపు ఏడాది పెట్టుబడి ఒక్క రోజు ధర మీద ఆధారపడి ఉంటుంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వారిలో 170కి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులు. పసుపు బోర్డు కోసం చేసిన ఆ నిరసనతో పోలింగ్ యంత్రాల అమరికే మార్చాల్సి వచ్చింది. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాద్‌లో మొదలైంది. అప్పటికి ఎన్నో ఇళ్లలో ఒకరు పొలం మీద, ఒకరు విమానం మీద ఆశ పెట్టుకుని సంసారం నడుపుతున్నారు.

వలస ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. గల్ఫ్‌కు ముందు బొంబాయి, భివండి ఉండేవి. నిజామాబాద్ స్టేషన్ మీదుగా బొంబాయికి పోయే రైలెక్కి బట్టల మిల్లులకు, కట్టడాల పనికి పోయేవారు. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాలు కట్టడాలు మొదలుపెట్టాక, అదే బొంబాయి దారి సముద్రం దాటింది. తెలంగాణలో బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అని ఒకే ఊపులో అనే మాట ఈ చరిత్ర అంతటినీ మూడు ముక్కల్లో చెబుతుంది.

ఈ వలసలో మగవాళ్లు పోతే ఆడవాళ్లు ఊళ్లో ఉంటారు. ఊళ్లో ఉన్నవాళ్లు చాలామంది బీడీలు చుడతారు. పథకాల సంగతికి వచ్చినప్పుడు, ఏ కాగితం మీద మగవాడి పేరుంది, ఏ కాగితం మీద ఆడమనిషి పేరుంది అన్నదే అసలు తేడా తెస్తుంది.

బయలుదేరే కాగితం

గల్ఫ్ కూలీ హక్కుల్లో సగం, అతను శంషాబాద్ విమానాశ్రయంలో ఏ కాగితం చూపి వెళ్లాడన్న దాని మీదే తేలిపోతాయి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ రకం. అంటే సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, ఇరాక్, మలేషియాతో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రవాసుల రక్షణాధికారి అనుమతి కావాలి. ఈ అనుమతి ఇప్పుడు ఈ-మైగ్రేట్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా వస్తుంది. లైసెన్సున్న ఏజెంటు, విదేశీ యజమాని, జీతం, ఒప్పందం అన్నీ అందులో నమోదవుతాయి. ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్‌టీ. ఊళ్లో చెప్పే రేటుకూ ఈ అంకెకూ చుట్టరికం తక్కువ. మిగిలింది మిత్తికి తెచ్చిన బాకీ.

ఈ అనుమతితో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. 2003లో మొదలైన ఈ బీమాను 2017లో సవరించారు. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం, పైన పన్ను. ప్రమాదంలో చనిపోయినా, ఉద్యోగం పోయేంత శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. ఆస్పత్రి ఖర్చు, వైద్యపరంగా పనికి రాడని తేలితే తిరుగు ప్రయాణం, కోర్టు ఖర్చులకు కొంత కూడా ఉన్నాయి. ఇంత తక్కువ డబ్బుకు ఇంత రక్షణ దొరకడం అరుదు.

అయితే దీనికి రెండు కంతలు. మొదటిది, ఇది ప్రమాద బీమా. పొద్దున లేవకుండా గుండె ఆగిపోయిన మనిషికి ఈ 10 లక్షలు రావు. గల్ఫ్ నుంచి వచ్చే శవపేటికల మీది కాగితాల్లో గుండెపోటు, సహజ మరణం అన్న మాటలు ఎంత తరచుగా కనిపిస్తాయో తెలిసినవారికి ఈ కంత ఎంత పెద్దదో అర్థమవుతుంది. రెండోది విజిట్ వీసా. ముందు చూసొద్దామని, అక్కడ పని దొరికాక వీసా మార్చుకుందామని పోయేవాడికి పని అనుమతి అక్కర్లేదు, కాబట్టి బీమా కూడా లేదు. పని వెతుక్కోవడానికి పోయేవాడే అందరికంటే బలహీనుడు. సర్కారు దృష్టిలో అతను పర్యాటకుడు. ఆజాద్ వీసా మీద పోయినవాడి స్థితీ ఇంచుమించు ఇదే. కాగితంలో ఒక కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని), పని ఇంకొకరి దగ్గర, ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదో తేలదు.

పదో తరగతి పాసైనవారికి ఈ అనుమతే అక్కర్లేదు. వాళ్ల వివరాలు కూడా నమోదు చేయాలని కేంద్రం 2018 నవంబరులో ఒక ఆదేశం ఇచ్చింది. అభ్యంతరాలు వచ్చాక అదే నెలలో వెనక్కి తీసుకుంది. ఇప్పుడది ఐచ్ఛికం. చదువుకున్నవాడు తన జాగ్రత్త తాను చూసుకుంటాడన్నది దాని వెనుక ఉన్న నమ్మకం. ఆర్మూర్ ప్రాంతంలో పది పాసై, ఇంటర్ ఆపేసి, కట్టడం పనికి పోయిన కుర్రాళ్లను చూస్తే ఆ నమ్మకానికి పునాది ఎంత బలహీనమో తెలుస్తుంది.

గల్ఫ్ కూలీ పొదుపు కోసం కేంద్రం ఒక పింఛను పథకం కూడా నడిపింది. 2012లో కేరళలో ప్రయోగంగా మొదలై తర్వాత దేశమంతటికీ విస్తరించిన మహాత్మా గాంధీ ప్రవాసీ సురక్షా యోజనలో కూలీ దాచుకుంటే సర్కారు తన వంతు కలిపేది. చేరినవారు మరీ కొద్దిమంది కావడంతో 2017లో ఎత్తేశారు. నెలనెలా వచ్చే జీతంలో మొదటి వాటా బాకీ తెచ్చినవాడిది. తిరిగొచ్చాక పింఛను అన్న ఆలోచన ఆ తర్వాతి సంగతి.

ఇంటి దగ్గరి పథకాలు

రేషన్ దుకాణం నుంచి మొదలుపెడితే విషయం సులువుగా తెలుస్తుంది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం కార్డులో ఇంటి పెద్ద 18 ఏళ్లు దాటిన పెద్ద ఆడమనిషి. బియ్యం లెక్క తలకింత: తెలంగాణలో మనిషికి నెలకు 6 కిలోలు. 2025 ఉగాది నుంచి దొడ్డుబియ్యం స్థానంలో సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. ఇంటావిడ పోయి ఈ-పాస్ యంత్రం మీద వేలు పెడితే చాలు, కార్డులో ఉన్న అందరి కోటా వస్తుంది. భర్త సౌదీలో ఉన్నాడా, ఆర్మూర్‌లో ఉన్నాడా అని ఆ యంత్రం అడగదు.

అడిగే రోజు 2023 సెప్టెంబరులో వచ్చింది. కార్డులో పేరున్న ప్రతి ఒక్కరూ స్వయంగా వేలిముద్ర వేసి ఈ-కేవైసీ చేయించుకోవాలన్నారు. డీలర్ దగ్గరి యంత్రం తెర మీద కుటుంబ సభ్యుల పేర్లు వరుసగా వస్తాయి. వేలు పెట్టినవారి పేరు పక్కన రంగు మారుతుంది. పిల్లలది, అత్తది, కోడలిది అయిపోయాక గల్ఫ్‌లో ఉన్నవాడి పేరు ఒక్కటీ అలాగే ఉండిపోతుంది. అతను సెలవు మీద వస్తే తప్ప అది కదలదు. కంపెనీ వీసా ఉన్నవాడు రెండేళ్లకోసారి వస్తాడు. అకామా (నివాస అనుమతి) గడువు దాటిపోయి, యజమాని దగ్గర నుంచి తప్పుకుని, ఊరివాళ్ల భాషలో ఖల్లివెల్లి అయినవాడు ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు.

ఇక్కడ న్యాయం రెండు వైపులా ఉంది. దుబాయ్‌లో తింటున్నవాడి పేరు మీద ఊళ్లో 6 కిలోల బియ్యం ఎందుకివ్వాలన్న ప్రశ్న తప్పు కాదు. కానీ రేషన్ కార్డు బియ్యం కార్డు మాత్రమే అయి ఉంటే గొడవ ఇంత ఉండేది కాదు. ఉచిత వైద్యం ఇచ్చే ఆరోగ్యశ్రీకి అదే ఆధారం. 2023 డిసెంబరు 9 నుంచి ఆ పథకం పరిమితి 10 లక్షలు. 500 రూపాయల గ్యాస్ సిలిండర్‌కు, 200 యూనిట్ల ఉచిత కరెంటుకు కూడా కార్డే కావాలి. 2024లో రెండు లక్షల వరకు రుణమాఫీ చేసినప్పుడు కుటుంబం అంటే ఎవరో తేల్చింది కూడా ఈ కార్డే. ఒకే కార్డులో ఉన్న తండ్రి, గల్ఫ్ కొడుకు ఇద్దరి పంట రుణాలూ ఒక్క కుటుంబం లెక్కలోకి వచ్చి, రెండింటికీ కలిపి ఒకే పరిమితి వర్తించింది. ఒకే పేరు కార్డులో ఉండటం ఒక పథకంలో లాభం, ఇంకో పథకంలో నష్టం. పదేళ్లు ఎండలో పనిచేసి కిడ్నీలు పాడై తిరిగొచ్చినవాడు మొదట వెతుక్కునేది బియ్యం కాదు, ఆరోగ్యశ్రీలో తన పేరు ఉందా అని. బియ్యం కోటా ఆపినా పేరు ఉంచే పద్ధతి ఒకటి ఉంటే ఈ గొడవలో ముప్పాతిక తీరిపోయేది.

భూమి విషయం ఇంకో రకం. 2018 మే 10న హుజూరాబాద్ నియోజకవర్గంలో మొదలైన రాష్ట్ర పంట పెట్టుబడి సాయం, రైతుబంధు, మొదటి విడత సొమ్ము చెక్కుల రూపంలో వచ్చింది. ఊళ్లో సభ పెట్టి, పట్టాదారు పాస్‌పుస్తకం చూసి, పట్టాదారు చేతికే ఇచ్చారు. పట్టా ఎక్కువగా మగవాడి పేరు మీద, ఆ మగవాడు గల్ఫ్‌లో. ఎకరాకు 4,000 చొప్పున రావాల్సిన సొమ్ము చెక్కు రూపంలోనే ఆగిపోయింది. చెక్కులను కుటుంబ సభ్యులకు ఇవ్వాలని ప్రవాసీ సంఘాలు పట్టుబట్టాయి. ఎన్నికల నియమావళి వచ్చి ఆ ఏడాది యాసంగి సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాల్లో పడటంతో ఆ చిక్కు చాలావరకు తానే విడిపోయింది. గల్ఫ్ రైతు సమస్యను ఎన్నికల సంఘం తెలియకుండానే తీర్చిందనుకోవచ్చు. ఇప్పుడు ఏడాదికి ఎకరాకు 12,000 చొప్పున ఇచ్చే రైతు భరోసా కూడా ఖాతాలోకే వస్తుంది.

కేంద్రం 2019లో తెచ్చిన పీఎం కిసాన్ నియమం వేరు. ఏడాదికి 6,000 రూపాయలిచ్చే ఆ పథకం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ప్రవాస భారతీయులైనవారిని పక్కనపెట్టింది. అంటే ఒకే పొలానికి, ఒకే పట్టాకు రాష్ట్రం ఇచ్చేది తీసుకోవచ్చు, కేంద్రం ఇచ్చేది తీసుకోరాదు. కూలికి పోయిన బక్కరైతు, అమెరికాలో స్థిరపడిన భూస్వామి ఈ నియమం కింద ఒక్కటే. బ్యాంకుల్లోనూ ఇంతే: ఉద్యోగానికి విదేశం పోయినవాడు మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా మార్చుకోవాలని విదేశీ మారక చట్టం చెబుతుంది. పల్లెల్లో ఆ సంగతి తెలిసి మార్చుకున్నవారు అరుదు.

రైతు బీమాకు వస్తే చిక్కు మళ్లీ మొదటికొస్తుంది. 2018 ఆగస్టు 14న మొదలైన ఈ పథకంలో 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా ఇంటివాళ్లకు ఎల్ఐసీ ద్వారా 5 లక్షలు వస్తాయి. ప్రీమియం రాష్ట్రానిది. పైన చెప్పిన ప్రవాసీ బీమా వదిలేసిన గుండెపోటును ఇది పట్టుకుంటుంది. కాబట్టి గల్ఫ్ రైతుకు దీనికి మించిన బీమా లేదు. కానీ చేరాలంటే నమోదు పత్రం మీద రైతు సంతకం పెట్టాలి, నామినీని చెప్పాలి, ఆ పత్రం వ్యవసాయ విస్తరణాధికారికి అందాలి. ఊళ్లో ఉండగా చేరినవాడికి ఇబ్బంది లేదు. తండ్రి పోయాక విరాసత్ (వారసత్వ బదిలీ) ద్వారా కొత్తగా పట్టా వచ్చిన కొడుకు మస్కట్‌లో ఉంటే, ఆ సంతకం ఎవరు పెట్టాలి? వలస హక్కుల కార్యకర్తలు ఏళ్లుగా అడుగుతున్నది ఇదే.

ఆడమనిషి పేరు మీద ఉన్న పథకాలు వలసను పెద్దగా పట్టించుకోవు. పేదింటి ఆడపిల్ల పెళ్లికి రాష్ట్రం ఇచ్చే కల్యాణలక్ష్మి చెక్కు పెళ్లికూతురి తల్లి పేరు మీద వస్తుంది. తండ్రి కువైట్‌లో ఉన్నా 1,00,116 రూపాయలు ఇంటికి చేరతాయి. పీఎఫ్ ఉన్న బీడీ కార్మికురాలికి 2014 నవంబరులో మొదలైన ఆసరా కింద పింఛను ఉంది. 2019 పెంపుతో అది 2,016 రూపాయలైంది. ఉపాధి హామీ జాబ్ కార్డు కుటుంబానిది కాబట్టి భార్య పనికి పోతే సరిపోతుంది. 2023-24లో కనీసం 20 రోజులు పని చేసిన భూమిలేని కుటుంబాలకు 2025 జనవరిలో ఇందిరమ్మ ఆత్మీయ భరోసా సాయం మొదలైంది. భర్త అబుదాబిలో ఉండి, భార్య ఊళ్లో తట్ట మోసిన ఇంటికి ఆ అర్హత ఆమె చెమట వల్లే వస్తుంది.

అవతలి వైపు, పించను పొందుతున్న మనిషే విదేశానికి వెళ్తే? కొడుకు దగ్గరికి పోయిన ముసలి తల్లి, పని దొరికి ఖతార్ వెళ్లిన ఒంటరి మహిళ ఇందులోకి వస్తారు. ఏటీఎం కార్డు ఇంట్లోవాళ్లకు ఇచ్చి పోవడం వినబడేదే. కానీ ఆసరా వచ్చేది ఊళ్లో ఉండి ఆధారం లేని మనిషికి. లేని మనిషి పించను ఇంకొకరు తీస్తే అది చట్టం కంటికి దుర్వినియోగమే. తెలిస్తే ఆపేస్తారు, తిరిగి కట్టమంటారు. అందుకే తపాలా ద్వారా ఇచ్చేచోట వేలిముద్ర, ఇప్పుడు ముఖం గుర్తింపు అడుగుతున్నారు. ఈ విషయంలో రేషన్‌కూ పించనుకూ మధ్య గీత స్పష్టంగానే ఉంది: కార్డు కుటుంబానిది, పించను మనిషిది.

పట్నంలో కంపెనీ కొలువు చేసి పీఎఫ్ కట్టి, ఆ తర్వాత గల్ఫ్ పోయేవారికి ఒక సౌకర్యం ఉంది. విదేశంలో ఉద్యోగానికి పోతున్నవారు పీఎఫ్ మొత్తం తీసుకోవడానికి 1952 పథకం నియమాల్లో వీలు ఉంచారు. ఏజెంటుకు కట్టాల్సిన డబ్బు కోసం మిత్తికి పోయేముందు ఈ దారి ఉందని చాలామందికి తెలియదు.

గల్ఫ్ చట్టాలు ఇచ్చేవి

గల్ఫ్ దేశాల్లో విదేశీ కూలీకి రేషన్, పింఛను వంటివి లేవు. అక్కడ అతనికి వచ్చేది యజమాని బాకీ. ఒప్పందం ముగిశాక ఇచ్చే గ్రాట్యుటీ ఇందులో పెద్దది. యూఏఈలో మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ పైన ఏడాదికి 30 రోజులది. నెలకు 1,000 దిర్హమ్‌ల మూల వేతనంతో 4 ఏళ్లు చేసినవాడికి 84 రోజుల జీతం, అంటే సుమారు 2,800 దిర్హమ్‌లు. సౌదీలో మొదటి అయిదేళ్లకు ఏడాదికి అర నెల, తర్వాత ఏడాదికి పూర్తి నెల జీతం. మూల వేతనం తక్కువ, అలవెన్సులు ఎక్కువ పెట్టి ఒప్పందం రాయడం ఎందుకో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

ఉద్యోగం పోయినవాడికి నెలనెలా కొంత ఇచ్చే నిరుద్యోగ బీమా యూఏఈలో 2023 జనవరి 1 నుంచి నడుస్తోంది. ఐఎల్ఓఈ అని పిలిచే ఈ పథకంలో మూల వేతనం 16,000 దిర్హమ్‌ల లోపు ఉన్నవారు నెలకు 5 దిర్హమ్‌లు కట్టాలి. చేరకపోతే 400 దిర్హమ్‌ల జరిమానా. వరుసగా 12 నెలలు కట్టాక ఉద్యోగం పోతే మూల వేతనంలో 60 శాతం చొప్పున గరిష్ఠంగా 3 నెలలు ఇస్తారు. 1,000 దిర్హమ్‌ల మనిషికి నెలకు 600. వింటే బాగుంటుంది. షరతులు చూడాలి. తానే రాజీనామా చేస్తే రాదు, తప్పు చేసి తీసేయించుకుంటే రాదు, పని వదిలి పారిపోయాడన్న ఫిర్యాదు ఉంటే రాదు. ఉద్యోగం పోయిన 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. అన్నిటికంటే పెద్దది, దరఖాస్తుదారు దేశంలోనే చట్టబద్ధంగా ఉండాలి. విమానమెక్కితే సాయం ఆగిపోతుంది. కొత్త పని వెతుక్కుంటున్నంత కాలం ఆదుకునే పథకమిది. పని పోగానే టికెట్ చేతిలో పెట్టి పంపించేసిన కూలీకి దీనితో పని లేదు. ఇళ్లలో పనిచేసేవాళ్లు దీని పరిధిలోకే రారు. నిజామాబాద్ పల్లెల నుంచి ఈ పనికి పోయే ఆడవాళ్లకూ, అరబ్బు ఇళ్లలో డ్రైవర్లుగా ఉండే మగవాళ్లకూ ఇది లేనట్టే.

యజమాని దివాలా తీసి జీతాలు ఎగ్గొడితే ఆదుకోవడానికి ఖతార్ 2018లో చట్టం చేసి కార్మిక సహాయ నిధి పెట్టింది. సౌదీ 2024 అక్టోబరులో విదేశీ కార్మికుల జీతాల బీమా తెచ్చింది. దాని కింద 17,500 రియాళ్ల వరకు, తిరుగు టికెట్‌కు 1,000 రియాళ్ల వరకు వస్తాయి. పనిలో చనిపోతే యూఏఈ కార్మిక చట్టం కుటుంబానికి 24 నెలల మూల వేతనం ఇప్పిస్తుంది. అది 18,000 దిర్హమ్‌లకు తగ్గదు, 2,00,000 దాటదు.

ఇవన్నీ అకామా సరిగా ఉన్నవాడికి. ఖల్లివెల్లి అయినవాడికి మిగిలే దిక్కు రాయబార కార్యాలయం. 2009లో పెట్టిన భారతీయ సముదాయ సంక్షేమ నిధి నుంచి తాత్కాలిక వసతి, తిరుగు టికెట్, చిన్న జరిమానాలు, శవాన్ని ఇంటికి పంపే ఖర్చు ఇవ్వవచ్చు. యూఏఈ 2018లోనూ, 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకూ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఔట్ పాస్ (దేశం వదిలి వెళ్లడానికి ఇచ్చే పత్రం) మీద ఇంటికొచ్చినవాళ్లు గ్రాట్యుటీ సంగతి అడిగే స్థితిలో లేరు. జరిమానా లేకుండా బయటపడటమే వాళ్లకు లాభం.

ఇతర దేశాలు, ఇతర రాష్ట్రాలు

యూరప్‌లో పరిస్థితి ఎంత వేరో ఒక్క ఉదాహరణ చాలు. ఐరోపా సమాఖ్య 883/2004 నిబంధన ప్రకారం పని పోయి నిరుద్యోగ భృతి పొందుతున్న పౌరుడు, ఆ భృతితోనే ఇంకో సభ్యదేశానికి పని వెతుక్కోవడానికి వెళ్లవచ్చు. ముందు భృతి ఇచ్చే దేశంలో 4 వారాలు నిరుద్యోగిగా నమోదై ఉండాలి, యూ2 అనే పత్రం తీసుకోవాలి, వెళ్లిన చోట 7 రోజుల్లో పేరు రాయించుకోవాలి. 3 నెలలు భృతి వస్తుంది, 6 నెలల వరకు పొడిగించవచ్చు. అక్కడ హక్కు మనిషి వెంట ప్రయాణం చేస్తుంది. ఇక్కడ మొదట మోయడానికి భృతే లేదు. కార్మిక రాజ్య బీమాలో ఉన్నవారికి 2018లో తెచ్చిన అటల్ బీమిత్ పథకం తప్ప నిరుద్యోగ సాయం మనకు పేరుకే. పసుపు చేలో కూలికి అది వర్తించదు.

భారత్ ఇరవైకి చేరువలో దేశాలతో సామాజిక భద్రతా ఒప్పందాలు చేసుకుంది. బెల్జియంతో మొదలైన ఆ జాబితాలో జర్మనీ, ఫ్రాన్స్, జపాన్ ఉన్నాయి, ఒక్క గల్ఫ్ దేశమూ లేదు. అమెరికాతోనూ లేదు. అందుకే అక్కడి తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి పదేళ్లు పూర్తికాకుండా తిరిగొస్తే, జీతంలో కోసిన సోషల్ సెక్యూరిటీ పన్నుకు పింఛను రాదు. ఆ నష్టం గురించి పత్రికలు తరచుగా రాస్తాయి. దుబాయ్ కూలీకి కోసే పన్నే లేదు, రాయాల్సింది ఏమీ లేదనుకుంటారు కాబోలు.

దేశంలో ఈ విషయంలో ముందున్నది కేరళ. 1996లోనే ప్రవాసుల శాఖ పెట్టుకుంది. 2008 చట్టంతో ప్రవాసుల సంక్షేమ బోర్డు ఏర్పాటు చేసింది. విదేశంలో ఉండగా నెలనెలా చందా కట్టినవారికి 60 ఏళ్లు దాటాక పింఛను వస్తుంది. విదేశంలో ఉండటం అక్కడ అర్హత, అనర్హత కాదు. ఆంధ్రప్రదేశ్ 2018లో ఏపీఎన్ఆర్‌టీ అనే సంస్థ ద్వారా ప్రవాసాంధ్ర భరోసా బీమా తెచ్చింది. తెలంగాణలో టాంకామ్ అనే ప్రభుత్వ సంస్థ విదేశీ కొలువులకు మనుషుల్ని ఎంపిక చేస్తుంది. దాని ద్వారా పోతే పని అనుమతి, బీమా సక్రమంగా ఉంటాయి. ఊరి దగ్గరి ఏజెంటుకు ఉన్న పరపతి మాత్రం దానికి ఇంకా రాలేదు.

మరణం, అదృశ్యం

గల్ఫ్‌లో చనిపోయిన తెలంగాణ కార్మికుడి కుటుంబానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తూ రాష్ట్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 డిసెంబరు 7, ఆ తర్వాత జరిగిన మరణాలకు ఇది వర్తిస్తుంది. దరఖాస్తు జిల్లా కలెక్టరుకు. గల్ఫ్ కార్మికుల పిల్లలకు గురుకులాల్లో ప్రాధాన్యం, హైదరాబాద్ ప్రజాభవన్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రవాసీ ప్రజావాణి కూడా అప్పుడే వచ్చాయి. ఈ 5 లక్షలకు గుండెపోటా, ప్రమాదమా అన్న పేచీ లేదు. బీమా ఒప్పందాలు వదిలేసిన ఇళ్లను ఇది అందుకుంటుంది. ఆ అర్థంలో గల్ఫ్ పల్లెలు ఇన్నేళ్లు అడిగినవాటిలో నిజంగా పనికొచ్చినది ఇదొకటి.

కావలసిన కాగితాలు శవంతో పాటే వస్తాయి: రద్దుచేసిన పాస్‌పోర్టు, అక్కడి మరణ ధ్రువపత్రం, రాయబార కార్యాలయం పత్రం. శంషాబాద్ నుంచి ఊరికి ఉచిత అంబులెన్సు ఉంది. శవాన్ని అక్కడే ఖననం చేసిన సందర్భాల్లో మాత్రం ఇంటివాళ్లు కాగితాల కోసం నెలల తరబడి తిరగాల్సి వస్తుంది.

చనిపోయిన మనిషి కంటే కష్టమైనది కనబడకుండా పోయినవాడి సంగతి. ఫోను ఆగిపోతుంది, కంపెనీ తెలియదంటుంది, తోటివాళ్లు ఇంకో ఊరికి మారిపోయి ఉంటారు. మరణ ధ్రువపత్రం లేదు కాబట్టి ఎక్స్‌గ్రేషియా లేదు, రైతు బీమా లేదు, పొలం విరాసత్ కాదు. 7 ఏళ్లు కబురు లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చని సాక్ష్య చట్టం అంటుంది, అదీ కోర్టుకు పోతేనే. భార్య ఈలోగా వితంతు పించనుకు అర్హురాలు కాదు. 2017లో తెచ్చిన ఒంటరి మహిళ పించను ఒక దారి. కానీ భర్త వదిలేసిన మనిషిగా రాయించుకోవడానికి ఆమె మనసు ఒప్పుకోవాలి, అత్తింటివాళ్లు ఒప్పుకోవాలి, విచారణకు వచ్చిన అధికారి ఒప్పుకోవాలి. రేషన్ కార్డు ఆమె పేరు మీద ఉంది కాబట్టి బియ్యానికి లోటు రాదు. పట్టా అతని పేరు మీద ఉంది, రైతు భరోసా అతని ఖాతాలో పడుతుంది, ఆ ఖాతా నుంచి డబ్బు తీసే హక్కు ఆమెకు లేదు. ఇలాంటి ఇళ్లవారు విదేశాంగ శాఖ 2015లో తెచ్చిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ నంబరుతో నిజామాబాద్ కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి పోతారు. ఆ నంబరే, ఇంటి మనిషి కోసం వెతుకుతున్నట్టు సర్కారు దగ్గర ఉన్న రుజువు.